మావయ్య డ్రమ్ము కడగడం నేర్చుకున్నాడు

మా మావయ్యది మాంసం కొట్టు. ముప్పై రెండేళ్ళు కత్తి పట్టుకుని నిలబడ్డాడు. మోకాళ్ళు మొరాయించాక కొట్టు వేరేవాళ్ళకి అప్పగించి ఇంటిపట్టున ఉండిపోయాడు గానీ, చేతులు ఊరుకోలేదు. పెరట్లో కొట్టు రోజుల నుంచీ ఒక ఇనప డ్రమ్ము ఉండేది. పాత నూనె పీపాని అడ్డంగా పడుకోబెట్టి, పైభాగం కోసి మూత చేయించి, కింద నాలుగు కాళ్ళు అతికించి, ఒక పక్క నిప్పులు వేసే పెట్టె, రెండో పక్క పొగ పోయే గొట్టం పెట్టించాడు. మాంసాన్ని మంట తగలకుండా, పొగలో, సన్నటి వేడి మీద ఏడెనిమిది గంటలు మగ్గబెట్టడానికి అది. దుకాణాల్లో దాన్ని స్మోకర్ అని అమ్ముతారు. మా ఇంట్లో మాత్రం అది డ్రమ్మే.

పొగ మావయ్య మాట వినేది. తెల్లగా, దట్టంగా వస్తుంటే మొహం చిట్లించేవాడు. గాలి కంత కొంచెం తెరిచి, కట్టె అటూ ఇటూ జరిపి, పొగ పలచబడి నీలంగా వచ్చేదాకా ముక్క లోపల పెట్టేవాడు కాదు. ఆదివారం మధ్యాహ్నానికి వీధిలో సగం ముక్కులు మా పెరటివైపే తిరిగి ఉండేవి. ఎవరింట్లో ఏ శుభకార్యం ఉన్నా చాలు, ముందు మావయ్య దగ్గరికే వచ్చేవాళ్ళు. "నీ చేతిలో ఏదో ఉందయ్యా" అనేవాళ్ళు. మావయ్య మీసం సవరించుకునేవాడు.

ఆదివారం మావయ్యదైతే సోమవారం అత్తయ్యది. పొద్దున్నే కొంగు బిగించి పెరట్లోకి వెళ్ళేది, మధ్యాహ్నం భోజనం వేళకి మోచేతుల దాకా మసితో వచ్చేది. నేను బస్సు డిపోలో ఉద్యోగానికి చేరి, వాళ్ళింటి మేడమీద గదిలో ఉండేదాన్ని. సోమవారం నాకు సెలవు. కిటికీలోంచి ఆవిడ వీపు కనపడేది. ఆవిడేం చేస్తోందో నేనెప్పుడూ దిగి చూడలేదు. మావయ్య వరండాలో పేపరు చదువుతూ, "ఇదిగో, అయిందా?" అని కేకేసేవాడు. "అయిపోవచ్చింది" అనేది అత్తయ్య. చిన్నప్పుడు ఆవిడ పేరే 'ఇదిగో' అనుకునేదాన్ని నేను.

ఆ సోమవారాలన్నీ దగ్గరుండి చూసింది ఒక్క టైలరు పిన్నే. మా పక్కిల్లు ఆవిడది. మధ్యలో నడుమెత్తు గోడ. ఒంటరి మనిషి, కుట్టు మీదే బతుకు. ఆవిడ మిషను మా పెరటివైపు కిటికీ దగ్గర ఉండేది. మావయ్యని అన్నయ్యా అనీ, అత్తయ్యని వదినా అనీ పిలిచేది. అత్తయ్య ఇటు గీకుతుంటే, పిన్ని అటు కుడుతుంటే, ఇద్దరి మధ్యా కబుర్లు ఆగేవి కావు.

అత్తయ్య ఒక రోజు పొద్దున బట్టలు మడతపెడుతూ, గోడకి చేరబడి కూర్చుని, అలాగే పోయింది. గుండె అన్నారు. మావయ్య రెండు నెలలు డ్రమ్ము మూత ఎత్తలేదు. తర్వాత ఎవరో వచ్చి అడిగారు, ఆయనకీ చేతికి పని కావాల్సి వచ్చింది. మళ్ళీ వెలిగించాడు. ఆదివారాలు తిరిగొచ్చాయి. సోమవారాలు రాలేదు.

నాకే ఒకసారి అనుమానం వచ్చి అడిగాను. "మావయ్యా, అత్తయ్య ప్రతి వారం దాన్ని ఏదో చేసేది కదా?"

"ఎంత మసి పడితే అంత రుచి అమ్మలూ. ఇనుము పొగ తాగాలి" అన్నాడు.

పని తెలిసినవాడి మాట కదా అని నమ్మాను.

ఆ ప్రమాదం జరిగింది ఒక శనివారం మధ్యాహ్నం. వీధి చివర వాళ్ళమ్మాయికి ఉద్యోగం వచ్చిందని నాలుగు మేకతొడలూ, ఆరు కోళ్ళూ అడిగారు. తెల్లారకముందే పెట్టాడు మావయ్య. ఒంటిగంట ప్రాంతంలో కొట్టుకి పాత ఖాతాదారు ఒకాయన వస్తే ముందు గదిలో కూర్చుని మాటల్లో పడ్డాడు. ఆ రోజు నాకు రాత్రి డ్యూటీ, మేడమీద ఉన్నాను.

టైలరు పిన్నికి కిటికీలోంచి ముందు నల్లటి పొగ కనపడింది. తర్వాత మూత అంచు చుట్టూ మంట నాలుకలు బయటికి వచ్చాయి. గోడ పక్కనే తాడు మీద ఆవిడ కుట్టి ఉతికిన బట్టలు ఆరుతున్నాయి. "అన్నయ్యా" అని రెండుసార్లు పిలిచిందట. ఎవరూ పలకలేదు. తడిగుడ్డ ఒకటి కుడిచేతికి చుట్టుకుని, గోడ దాటి వచ్చి, మూత ఎత్తింది.

మూసి ఉన్న మంటకి ఒక్కసారిగా గాలి తగిలితే ఏమవుతుందో ఆవిడకి తెలియదు. ధబ్బుమన్న చప్పుడు నాకు మేడమీదికి వినపడింది. మావయ్య వంటింటి గుమ్మం దాకా వచ్చి "తెరవకమ్మా" అని అరిచాడు. అప్పటికే మూత పైకి లేచిపోయింది. మంట మనిషెత్తున లేచి పిన్ని చేతిని మోచేతి దాకా పట్టేసింది. చుట్టుకున్న తడిగుడ్డలో నీళ్ళు ఆవిరై, గుడ్డ చర్మానికి అతుక్కుపోయింది.

నేను దిగి వచ్చేసరికి మావయ్య ఆవిడ చేతిని తొట్టి నీళ్ళలో ముంచి పట్టుకుని ఉన్నాడు. పిన్ని పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. డ్రమ్ములో మాంసం బొగ్గవుతోంది.

ఆసుపత్రిలో నలభై రోజులు ఉంది. తొడ నుంచి చర్మం తీసి చేతికి వేశారు. చెయ్యి నిలిచింది గానీ బొటనవేలూ చూపుడువేలూ వంగవని డాక్టరు చెప్పాడు. కత్తెర పట్టే మనిషికి ఆ రెండు వేళ్ళూ లేకపోతే ఇంకేం మిగిలింది. అయినా పిన్ని ఎవరినీ ఒక్క మాట అనలేదు. చూడటానికి వచ్చినవాళ్ళందరితో ఒకటే మాట. "నాదే తొందర. మూసి ఉన్నదాన్ని నేనెందుకు తెరవాలి? అన్నయ్య వచ్చేదాకా ఆగితే సరిపోయేది."

ఆ మాట అన్నప్పుడల్లా మావయ్య తల వంచుకునేవాడు. పాపం, బాధపడుతున్నాడు అనుకునేవాళ్ళం.

ఆవిడ ఇంటికి వచ్చాక మావయ్య రెండు పూటలా క్యారేజీ పట్టుకెళ్ళేవాడు. కట్టు మార్పించడానికి వారానికి మూడుసార్లు ఆటోలో తీసుకెళ్ళేవాడు. నీళ్ళు తోడేవాడు, చీపురు కూడా పట్టేవాడు. జన్మలో చీపురు పట్టని మనిషి. వీధంతా మెచ్చుకుంది. "తోడబుట్టినవాడు కూడా ఇంత చెయ్యడు" అన్నారు. ఎవరైనా ఆ మాట ఎత్తితే మావయ్య ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేవాడు. ముద్ద దిగడం తగ్గిపోయింది. చొక్కా భుజాల మీంచి జారేది. వయసు మీదపడుతోంది అనుకున్నాను నేను. మన కళ్ళెదుట ఉన్న మనిషి గురించి మనం ఎంత తేలిగ్గా ఏదో ఒకటి అనుకుని ఊరుకుంటామో.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక పొద్దున పాల గిన్నె పట్టుకుని మావయ్యతో పాటు నేనూ వెళ్ళాను. పిన్ని నేల మీద పాత పేపర్లు పరుచుకుని ఎడమచేత్తో కత్తిరించడం నేర్చుకుంటోంది. కుడిచేతికని చేసిన కత్తెర ఎడమచేతిలో కోయదు, కాగితాన్ని నలుపుతుంది. గీసిన గీత ఒకటి, తెగిన దారి ఒకటి.

"చూడండన్నయ్యా, ఒకటో తరగతి పిల్ల నాకంటే నయం" అని నవ్వింది. "నా తొందరకి నాకు బాగానే బుద్ధొచ్చింది."

మావయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నీ తొందర కాదమ్మా" అన్నాడు.

"నన్ను ఓదార్చడానికి అంటున్నారు మీరు."

"కాదు, విను. ముక్కలు పెట్టే జాలీ కింద ఒక తట్ట ఉంటుంది. మాంసం లోంచి కారే కొవ్వు దాన్లో పడి, ఒక కంత లోంచి కింద వేలాడే డబ్బాలోకి చుక్క చుక్క దిగాలి. దిగకపోతే తట్టలోనే నిలిచిపోతుంది. నిలిచిన కొవ్వుకి నిప్పురవ్వ తగిలితే అంతే. డబ్బాలోకి చుక్క పడటం లేదని నేను చూశాను."

పిన్ని కత్తెర కింద పెట్టింది. "ఎప్పుడు చూశారు?"

"అంతకు ముందు నెలలో. ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు చూశాను. కంత పూడిందని తెలుసు. వంగి గీకాలంటే విసుగేసింది. అది మీ వదిన పని. నా పని కాదనుకున్నాను. వచ్చే వారం చూద్దాంలే అనుకుంటూ పోయాను."

నాకు కూర్చోవాలో బయటికి వెళ్ళాలో తెలియలేదు.

"ఈ ఎనిమిది నెలలూ నేను నా తలే కొట్టుకున్నానన్నయ్యా" అంది పిన్ని నెమ్మదిగా. "రోజూ పడుకునేముందు, ఎందుకు తెరిచావే, ఎందుకు తెరిచావే అని నన్నే తిట్టుకున్నాను. అందరితో నాదే తొందర అంటుంటే మీరు విన్నారు. పక్కన కూర్చుని విన్నారు."

"విన్నాను."

"ఇక వెళ్ళండి."

మావయ్య వచ్చేశాడు. మర్నాడు క్యారేజీ తీసుకెళితే తలుపు తీయలేదు. ఆ రోజు నుంచి నాచేత పంపేవాడు. పిన్ని నా దగ్గర తీసుకునేది, ఆయన ఊసెత్తేది కాదు. కిటికీ రెక్క మూసేసింది. మావయ్య ఇంకో పని కూడా చేశాడు. మంగలి షాపులో, టీ దుకాణంలో, ఎక్కడ ఆ ప్రస్తావన వచ్చినా, "ఆవిడ తప్పేం లేదు. నేను కడగలేదు, అందుకే అంటుకుంది" అని చెప్పడం మొదలుపెట్టాడు. కొందరు సర్దిచెప్పబోయారు. కొందరు మొహం తిప్పుకున్నారు. మాంసం అడగడానికి ఎవరూ రాలేదు. వచ్చినా ఆయన చేసేవాడు కాదు.

నెలరోజుల తర్వాత పాతసామాన్ల వాణ్ణి పిలిపించాడు. డ్రమ్ముని తీసుకుపొమ్మన్నాడు. వాడూ, బండితో వచ్చిన ఇంకొకడూ చెరో పక్కా పట్టుకుని ఎత్తబోతుంటే పక్కింటి కిటికీ రెక్క తెరుచుకుంది.

"దించండి దాన్ని" అంది పిన్ని.

వాళ్ళు మావయ్య వైపు చూశారు. పిన్ని పెరటి తలుపు తీసుకుని గోడ దగ్గరికి వచ్చింది. ఆ గోడ దగ్గరికి రావడం చెయ్యి కాలిన రోజు తర్వాత అదే మొదలు.

"పంపించేస్తున్నారా?"

"చూడలేకపోతున్నానమ్మా."

"మీరు చూడక్కర్లేకుండా పోతుంది, బాగానే ఉంటుంది. నా చెయ్యి నేనెక్కడికి పంపించను?" గొంతు పెంచలేదు. "ఉండనివ్వండి. కడగండి. వదిన ఎలా కడిగేదో అలా కడగండి. నేను కూర్చుని చూస్తాను."

"నాకు చేతకాదు. ఆవిడేం చేసేదో నేనెప్పుడూ చూడలేదు."

"నేను చూశాను. ఇరవై ఏళ్ళు చూశాను."

పాతసామాన్ల వాడు గొణుక్కుంటూ బండి తిప్పుకుపోయాడు.

నేను మా పెరట్లో కుర్చీ తెచ్చి వేశాను, పిన్ని ఇటు వచ్చింది. కూర్చుని, బట్టలుతికే రాయి కింద ఒక రేకుడబ్బా ఉంటుంది చూడమంది. ఉంది. అందులో రెండు తీగల బ్రష్షులు, ఒక పొడుగాటి చువ్వ, గోనెగుడ్డ ముక్కలు, పిడికి పాత గుడ్డ చుట్టిన ఒక గీకుడు కత్తి. మావయ్య ఆ కత్తిని తిప్పి తిప్పి చూశాడు. కొస విరిగిన తన పాత కత్తే. అంచు రాయి మీద అరగదీసి పలకలా చేసుకుంది అత్తయ్య.

"ఇది పోయిందని కొట్టులో అందరినీ నానా మాటలూ అన్నాను" అన్నాడు.

"వదిన చెప్పి నవ్వింది ఆ రోజు. విరిగినదాన్ని పారేశారు, నేను ఏరుకున్నాను అంది."

మావయ్య కూడా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

మూడు రోజులు పట్టింది. ముందు బూడిద తీయించింది. నెలల తరబడి వానకి తడిసి, నిప్పుల పెట్టెలో రాయిలా గడ్డకట్టింది. "చల్లారగానే తీసేసేది వదిన. చెమ్మ తగిలితే బూడిదే ఇనుముని తినేస్తుందట" అంది. నిజమే. గడ్డ ఊడి వచ్చేసరికి అడుగున అరచేతి వెడల్పున చిల్లు పడి ఉంది, అవతలి మట్టి కనిపించింది. తర్వాత మూత. లోపలివైపు మసి పెచ్చులు కట్టి, ఎండిన చెట్టు బెరడులా వేలాడుతోంది. "అవి మాంసం మీద రాలతాయి. రుచి మసిలో ఉండదన్నయ్యా, ఇనుముకి పట్టిన సన్నటి నల్లపూతలో ఉంటుంది. పెచ్చు గీకండి, పూత గీకకండి." మావయ్య నా వైపు చూడలేదు. ఇనుము పొగ తాగాలన్న మాట ఇద్దరికీ గుర్తొచ్చింది.

ఆయన మోకాళ్ళ మీద కూర్చోలేడు. పీట వేసుకుని, ఒళ్ళు డ్రమ్ములోకి వంచి గీకాడు. జాలీలు బయటికి లాగి వేణ్ణీళ్ళలో, సోడాలో నానబెట్టాడు. డ్రమ్ము లోపలికి సబ్బు తీసుకెళ్ళబోతే పిన్ని ఆపింది. "సబ్బు జాలీకీ, తట్టకీ. లోపల గోడకి వద్దు, వాసన పట్టేస్తుంది. గోనెగుడ్డతో తుడవండి చాలు."

తట్ట చివరికి మిగిలింది. మాడిన కొవ్వు వేలెడు మందాన నల్లగా బిగుసుకుపోయి ఉంది. గీకుతుంటే ముక్కలు ముక్కలుగా లేచింది. అడుగు కనపడ్డాక, మావయ్య చువ్వ తీసుకుని కంతలోకి పొడిచాడు. రెండుసార్లు పొడిస్తే, కింద పట్టుకున్న అరచేతిలో ఒక నల్లటి బిరడా పడింది. చిటికెన వేలి గోరంత ఉందేమో.

దాన్ని పిన్ని వైపు చాపాడు.

"ఇంతే ఉందమ్మా" అన్నాడు. "ఒక్క నిమిషం పని."

పిన్ని కుర్చీలోంచి లేచి వచ్చి చూసింది. ఎడమచేత్తో ఆ బిరడాని తీసుకుంది, వేళ్ళ మధ్య నలిపింది, పడేసింది. మావయ్య భుజాలు కదులుతున్నాయి. చప్పుడు లేదు. అత్తయ్య పోయినప్పుడు కూడా ఆయన అలా ఏడవడం నేను చూడలేదు. పిన్ని ఆయన్ని ఓదార్చలేదు. అలాగని ఇంట్లోకీ వెళ్ళలేదు. కొంతసేపయ్యాక, "పొగగొట్టం మిగిలింది, అందులోనూ మసి ఉంటుంది" అంది. మావయ్య మొహం తుడుచుకుని లేచాడు.

రెండో రోజు వెల్డింగు మేస్త్రి వచ్చి పెట్టె అడుగుకి కొత్త రేకు అతికాడు. మావయ్య బయట తుప్పంతా గరుకు కాగితంతో రుద్ది, వేడికి ఆగే నల్ల రంగు వేశాడు. మూత కీళ్ళకి నూనె పెట్టాడు. మూడో రోజు లోపలంతా వంటనూనె గుడ్డతో పలచగా పూసి, ఖాళీ డ్రమ్ముని వెలిగించి కొన్ని గంటలు కాల్చాలి. అప్పుడు ఇనుము మళ్ళీ నల్లపూత పట్టుకుంటుంది.

మావయ్య అగ్గిపుల్ల గీశాడు. పిన్ని కుర్చీ వెనక్కి పడిపోయింది. ఆవిడ మా వంటింట్లోకి వెళ్ళి, తలుపు పక్క నేల మీద కూర్చుంది. కాలిన చేతిని మడిచి గుండెకి అదుముకుంది. మావయ్య పుల్ల ఆర్పేశాడు.

"వద్దులే అమ్మా. ఇక్కడితో ఆపేద్దాం. కడగమన్నావు, కడిగాను."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నూనె పూసి వదిలేస్తే జిగురు పట్టి పాడైపోతుంది. వెలిగించండి. నేను ఇక్కణ్ణుంచి చూస్తాను."

ఆ రోజు నేనూ పిన్నీ వంటింటి కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి ఉంటే, మావయ్య సాయంత్రం దాకా డ్రమ్ము పక్క నుంచి కదల్లేదు. మంచినీళ్ళకి కూడా లోపలికి రాలేదు.

ఇది జరిగి ఆరేళ్ళయింది. పిన్ని ఇప్పుడు ఎడమచేతి కత్తెర తెప్పించుకుని కత్తిరిస్తుంది. మెడలూ చంకలూ ఉన్నవి మానేసింది. కర్టెన్లు, దిండు గలీబులు, తిన్నగా పోయే కుట్లు మాత్రమే తీసుకుంటుంది. మావయ్య నెలకి రెండుసార్లు డ్రమ్ము వెలిగిస్తాడు. ఆరేదాకా కుర్చీ అక్కడే, తను అక్కడే. మర్నాడు కడుగుతాడు. ఒళ్ళు బాగోకపోతే వెలిగించడం మానతాడు గానీ, వెలిగించి కడగకపోవడం మాత్రం మళ్ళీ జరగలేదు. పిన్నికి వాటా పంపిస్తే ఒక్కోసారి తీసుకుంటుంది, ఒక్కోసారి తిప్పి పంపేస్తుంది. ఎందుకని మేము అడగం. ఆయన్ని అన్నయ్యా అనే పిలుస్తుంది. క్షమించానని ఆవిడ అనగా నేను వినలేదు, క్షమించమని ఆయన అడగగా కూడా వినలేదు.

మొన్న పక్కవీధిలోకి కొత్తగా వచ్చిన స్కూలు మాస్టారు ఒకాయన మావయ్యని వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన ఒక కొత్త స్మోకర్ కొనుక్కున్నాడట. ఏ కట్టె వాడాలి, ఎంతసేపు ఉంచాలి అని అడిగాడు.

"అవన్నీ తర్వాత. ముందు కూర్చోండి" అన్నాడు మావయ్య. "నేను కడక్కపోవడం వల్ల ఒకావిడ చెయ్యి కాలిపోయింది. అది ముందు వినండి."

మొత్తం చెప్పాడు. చుక్క పడటం లేదని చూసీ ఊరుకోవడం దగ్గర్నుంచి, ఎనిమిది నెలలు నోరు మెదపకపోవడం దాకా. మాస్టారికి ఎటు చూడాలో తెలియలేదు. పక్కింట్లో మిషను చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. తర్వాత ఆయన్ని డ్రమ్ము దగ్గరికి తీసుకెళ్ళి, బూడిద ఎప్పుడు తీయాలి, తట్ట ఎలా లాగాలి, కంతలోకి చువ్వ ఎలా దూర్చాలి, అంతా చేసి చూపించాడు. మాస్టారు జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు.

"తీగల బ్రష్షు సంగతి చెప్పలేదు మీరు" అని గోడ అవతల నుంచి వినపడింది.

పిన్ని కిటికీలో ఉంది.

"బ్రష్షు పాతదైతే తీగముక్కలు ఊడి జాలీకి అంటుకుంటాయి. అవి మాంసంలో పడి గొంతులోకి పోతాయి. రుద్దాక తడిగుడ్డతో తుడిచి, వెలుతురులో ఒకసారి చూసుకోమనండి."

"అవునవును, మర్చిపోయాను" అన్నాడు మావయ్య.

"రాసుకున్నారా?" అంది పిన్ని మాస్టారితో.

"రాసుకున్నానమ్మా" అన్నాడాయన. ఆవిడ తల ఊపి, దిండు గలీబు సరిచేసుకుని, మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.